పక్షి ఉన్న జెండాను చూసి దేశం పేరు చెప్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

జెండా బొమ్మ పంపి "ఈ గద్ద ఏ దేశానిది?" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. గ్రూప్స్‌కు చదువుతున్నవారు, బడిలో క్విజ్ జట్టును తయారుచేస్తున్న టీచర్లు, పిల్లల ప్రాజెక్టుకు ఛార్టు గీసిపెడుతున్న అమ్మానాన్నలు. ఒక్కో జెండాకు ఒక్కో జవాబు చెబితే ఆ పూటకు గడుస్తుంది. రేపు ఇంకో గద్ద ఎదురైతే మళ్లీ మొదటికొస్తారు. అందుకని పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ఇదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: పక్షిని చివర చూడండి. కన్ను ముందు పక్షి మీదికే పోతుంది, పొరపాటు అక్కడే మొదలవుతుంది. ప్రశ్నపత్రంలో, ఫోన్ తెరమీద జెండా అంగుళం కూడా ఉండదు. ఆ సైజులో ఈజిప్టు గద్దా మోల్డోవా గద్దా ఒకేలా కనబడతాయి. వాటి వెనకున్న రంగులు మాత్రం ఎంత చిన్నగా వేసినా చెరిగిపోవు. ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిని ఇంటిపేరుతో గుర్తుపట్టినట్టు, జెండాను ముందు నేలతో గుర్తుపట్టాలి. నేల అంటే ఇక్కడ గుర్తు వెనక ఉన్న గుడ్డ రంగు, పట్టీలు.

## 1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఖర్చు పెద్దగా లేదు. ఒక సాయంత్రం కూర్చుంటే సరిపోతుంది.

- పోస్టుకార్డు సైజు అట్టముక్కలు, కనీసం 30. పక్షి జెండాలకు 17, వాటితో పోలి తికమకపెట్టే జెండాలకు మిగతావి.
- రంగు పెన్సిళ్లు. ఆకుపచ్చలో ముదురు, లేత. నీలంలో ముదురు, ఆకాశ నీలం విడివిడిగా ఉండాలి.
- ఒక రూపాయి నాణెం. ఎందుకో సాధన భాగంలో చెబుతాను.
- తాజా జెండాల పట్టిక.

చివరిదాని దగ్గర కాస్త ఆగండి. స్టేషనరీ దుకాణాల్లో దొరికే "ప్రపంచ దేశాల జెండాలు" ఛార్టుల్లో పాతవి చాలా ఉంటాయి. పాత ఛార్టుతో మొదలుపెడితే నేర్చుకున్నదంతా మళ్లీ దిద్దుకోవాలి. కొనే ముందు ఈ మూడూ చూడండి:

- మయన్మార్: 2010 నుంచి పసుపు, ఆకుపచ్చ, ఎరుపు అడ్డపట్టీలు, మధ్యలో పెద్ద తెల్ల నక్షత్రం. ఎర్ర గుడ్డ మీద నీలం మూల ఉంటే అది పాతది.
- లిబియా: 2011 నుంచి ఎరుపు, నలుపు, ఆకుపచ్చ పట్టీలు, మధ్యలో నెలవంక, నక్షత్రం. మొత్తం ఆకుపచ్చగా ఉంటే పాతది.
- సిరియా: 2024 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఆకుపచ్చ, తెలుపు, నలుపు పట్టీలు, మూడు ఎర్ర నక్షత్రాలు. ఎరుపు, తెలుపు, నలుపు మీద రెండు ఆకుపచ్చ నక్షత్రాలుంటే పాతది.

ఈ మూడూ సరిగా ఉన్న ఛార్టు దొరికితే మిగతావాటి విషయంలోనూ నమ్మవచ్చు. దొరకకపోతే ఆయా దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లు చూసి మీరే గీసుకోండి. గీస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

## 2. కర్ర వైపు, కొస వైపు

జెండాను కర్రకు కట్టే వైపును కర్ర వైపు అందాం. గాలికి ఎగిరే వైపు కొస వైపు. పుస్తకంలో వేసిన జెండాలో కర్ర వైపు మన ఎడమచేతి పక్కన ఉంటుంది. సౌదీ అరేబియాలాంటి ఒకటి రెండు మినహాయింపులున్నా పక్షి జెండాలన్నిటికీ ఈ లెక్కే.

ఇది ముందే ఖాయం చేసుకోవాలి. జెండాను వెనకనుంచి ఫోటో తీస్తే ఎడమ కుడి తారుమారవుతుంది. అప్పుడు "గద్ద ఎడమకు చూస్తోంది" అని బట్టీపట్టిన మాట పనిచేయదు. "కర్ర వైపు చూస్తోంది" అన్న మాట ఎటునుంచి చూసినా పనిచేస్తుంది. అట్టల మీద రాసుకునేటప్పుడు ఎడమ, కుడి అన్న మాటలే వాడకండి.

## 3. జెండా మీద ఉందా, రాజచిహ్నంలో ఉందా?

పరీక్షల్లో ఎక్కువమంది మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. దేశానికి ఒక జాతీయ పక్షి ఉండవచ్చు, రాజచిహ్నంలో ఒక పక్షి ఉండవచ్చు. అంతమాత్రాన అది జెండా మీదికి రాదు. మన నెమలే ఉదాహరణ. జాతీయ పక్షి అదే, జెండా మీద మాత్రం 24 ఆకుల అశోక చక్రం.

మనవాళ్లకు అన్నిటికంటే పెద్ద ఉచ్చు ఇండోనేషియా. గరుత్మంతుడు చిన్నప్పటినుంచీ తెలిసినవాడు కాబట్టి "జెండాపై గరుడ పక్షి గల దేశం" అనగానే చెయ్యి ఇండోనేషియా వైపు పోతుంది. గరుడుడు ఆ దేశ రాజచిహ్నంలో ఉన్నాడు. జెండా పైన ఎరుపు, కింద తెలుపు, అంతే. థాయ్‌లాండ్‌కూ ఇదే వర్తిస్తుంది.

రాజచిహ్నంలో పక్షి ఉండి జెండాలో లేని మరికొన్ని: అమెరికా, నమీబియా, దక్షిణ సూడాన్, ట్రినిడాడ్ అండ్ టొబాగో. ఇవి ఒక అట్ట మీద "జెండాలో లేవు" అని రాసి విడిగా పెట్టుకోండి.

ఇంకో మెలిక ఉంది. కొన్ని దేశాలకు ప్రజలు ఎగరేసే జెండా ఒకటి, ప్రభుత్వం ఎగరేసేది ఇంకొకటి. జర్మనీ, ఆస్ట్రియాల్లో గద్ద ప్రభుత్వ జెండా మీదే ఉంటుంది. పోలండ్ మామూలు జెండా తెలుపు, ఎరుపు మాత్రమే. రాయబార కార్యాలయాలు, ఓడలు ఎగరేసే దానిమీద తెల్ల గద్ద ఉంటుంది. ఈ మూడింటినీ పక్షి జెండాల్లో లెక్కపెట్టరు. బొలీవియా, సెర్బియాలకూ గుర్తు లేని జెండా వేరే ఉంది. కానీ గుర్తున్న వాటి గురించీ ప్రశ్నలు వస్తాయి కాబట్టి వాటిని మన 17లో ఉంచుతున్నాను. ప్రశ్నలో "ప్రభుత్వ జెండా" అన్న మాట ఉందో లేదో చూసుకుని జవాబు రాయండి.

అమెరికన్ సమోవా, సెయింట్ హెలీనా జెండాల మీదా పక్షులున్నాయి. అవి స్వతంత్ర దేశాలు కావు. "దేశం" అని అడిగినప్పుడు రాయకూడదు.

## 4. చూసే క్రమం

ప్రతి జెండానూ ఇదే వరసలో చూడండి. జవాబు తెలిసినట్టు అనిపించినా వరస తప్పకండి.

1. నేల: ఒకే రంగా, పట్టీలా? పట్టీలైతే నిలువా, అడ్డమా, ఎన్ని, ఏ వరసలో?
2. చోటు: గుర్తు నట్టనడుమ ఉందా, కర్ర వైపు జరిగిందా, కొస వైపు ఉందా?
3. తలలు: ఒకటా, రెండా?
4. పట్టుకున్నది: ముక్కున, గోళ్లలో, రొమ్ము మీద ఏముంది?
5. జాతి: గద్దా, కొంగా, చిలుకా, పావురమా?

మొదటి రెండు ప్రశ్నలకే చాలా జెండాలు తేలిపోతాయి. జాతి దాకా పోవలసిన అవసరం తక్కువగా వస్తుంది. వచ్చినప్పుడు కూడా దాన్ని జవాబు సరిచూసుకోవడానికే వాడండి, జవాబు పట్టుకోవడానికి కాదు.

## 5. పదిహేడు జెండాలు, నేల ప్రకారం

### 5.1 రెండు తలల గద్దలు

రెండు తలల పక్షి అనగానే మనకు గండభేరుండం గుర్తొస్తుంది. ఇక్కడ దానితో పనిలేదు. ఇవన్నీ ఐరోపాలో బాల్కన్ ప్రాంతపు గద్దలు, మొత్తం మూడే.

అల్బేనియా: ఎర్ర గుడ్డ, నల్ల గద్ద. కిరీటం లేదు, డాలు లేదు, అంచు లేదు. ఏమీ లేకపోవడమే దీని ఆనవాలు.

మాంటెనీగ్రో: ఎర్ర గుడ్డకు చుట్టూ బంగారు అంచు. గద్ద కూడా బంగారు రంగే. పైన కిరీటం, రొమ్ము మీద డాలు, ఆ డాలులో సింహం. అంచు చూడగానే జవాబు చెప్పవచ్చు, గద్ద దాకా పోనక్కర్లేదు. ఈ జెండాను 2004లో తీసుకున్నారు.

సెర్బియా: ఎరుపు, నీలం, తెలుపు అడ్డపట్టీలు. తెల్ల గద్ద ఎర్ర డాలు మీద ఉంటుంది, పైన కిరీటం. గుర్తు నడుమ ఉండదు, కర్ర వైపు జరిగి ఉంటుంది. ఈ మూడు రంగులతో ఆ చుట్టుపక్కల ఇంకా మూడు దేశాలున్నాయి కాబట్టి పైనుంచి కిందికి వరస చదవడం అలవాటు చేసుకోండి:

- సెర్బియా: ఎరుపు, నీలం, తెలుపు
- క్రొయేషియా: ఎరుపు, తెలుపు, నీలం, మధ్యలో ఎరుపు తెలుపు గళ్ల డాలు
- స్లొవేకియా: తెలుపు, నీలం, ఎరుపు, డాలులో రెండు అడ్డాల శిలువ
- స్లొవేనియా: తెలుపు, నీలం, ఎరుపు, డాలులో మంచు కొండ

రష్యాది కూడా తెలుపు, నీలం, ఎరుపే, కానీ గుర్తు ఉండదు. రష్యా రాజచిహ్నంలో రెండు తలల గద్ద ఉంది. అందుకే "రెండు తలల గద్ద" అనగానే రష్యా అనేసేవాళ్లున్నారు. మూడో భాగంలో చెప్పిన "జెండా మీదా, రాజచిహ్నంలోనా" అన్న జల్లెడ ఇక్కడ వాడాలి.

### 5.2 మూడు నిలువు పట్టీలు

మెక్సికో: ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. తెల్ల పట్టీ మధ్యలో గద్ద నాగజెముడు మీద నిలబడి పామును పట్టుకుని ఉంటుంది. కింద ఓక్, లారెల్ ఆకుల అర్ధవలయం. ఇదే రంగులు ఇటలీవి కూడా. ఇటలీకి గుర్తు ఉండదు, ఆకుపచ్చ కాస్త లేతగా ఉంటుంది, గుడ్డ పొడవు, వెడల్పుల కొలత 3:2. మెక్సికోది 7:4, అంటే ఇంకొంచెం పొడవు. ఇప్పటి మెక్సికో జెండా 1968 నాటిది.

గద్ద, పాము, నాగజెముడు మూడూ కలిసి ఉన్నది ఒక్క మెక్సికోయే. కాబట్టి పాము కనిపిస్తే సందేహించనక్కర్లేదు. చిన్న బొమ్మలో పాము కనిపించకపోతే నేలే దిక్కు.

మోల్డోవా: నీలం, పసుపు, ఎరుపు. గద్ద ముక్కున శిలువ, ఒక కాలిలో ఆలివ్ కొమ్మ, ఇంకో కాలిలో రాజదండం, రొమ్ము మీద డాలులో అడవి ఎద్దు తల. ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన జెండా, ఎందుకంటే ఈ నేల నాలుగు దేశాలది.

- రొమేనియా: గుర్తు లేదు
- చాద్: గుర్తు లేదు, నీలం కాస్త ముదురు
- అండోరా: నడుమ డాలు, అందులో రెండు ఆవులు; పసుపు పట్టీ మిగతావాటికంటే కొద్దిగా వెడల్పు
- మోల్డోవా: గద్ద

అండోరా, మోల్డోవాలను చిన్న సైజులో విడదీయడానికి గుర్తు బయటిగీత చూడండి. అండోరాది నాలుగు పలకల డాలు, అంచులు తిన్నగా ఉంటాయి. మోల్డోవాలో రెక్కలు డాలుకు రెండు పక్కలా బయటికి వస్తాయి. రొమేనియాకూ చాద్‌కూ రంగు చూసి తేడా చెప్పమంటే ఎవరికైనా కష్టమే. అలాంటి ప్రశ్న వస్తే పక్కన ఇచ్చిన ఖండమో రాజధానో చూసి జవాబు రాయండి.

గ్వాటెమాలా: లేత నీలం, తెలుపు, లేత నీలం. మధ్యలో ఆకుపచ్చ ఒంటి, ఎర్ర రొమ్ము, పొడవాటి తోక ఉన్న క్వెట్జాల్ పక్షి ఒక కాగితపు చుట్ట మీద వాలి ఉంటుంది. చుట్ట మీద స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తేదీ, 1821 సెప్టెంబరు 15. వెనక అడ్డంగా పెట్టిన తుపాకులు, కత్తులు.

మధ్య అమెరికాలో హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగువా జెండాలూ నీలం తెలుపులే. కానీ అవి అడ్డపట్టీలు. నిలువు పట్టీలతో ఉన్నది గ్వాటెమాలా ఒక్కటే. ఇది తెలిస్తే క్వెట్జాల్ పేరు మర్చిపోయినా మార్కు వస్తుంది.

### 5.3 అడ్డపట్టీల మీద చిహ్నం

ఈజిప్టు: ఎరుపు, తెలుపు, నలుపు, నడుమ బంగారు గద్ద. దీన్ని సలాదీన్ గద్ద అంటారు. కాళ్ల కింద అరబిక్‌లో దేశం పేరు. గుర్తు లేకుండా ఇవే పట్టీలుంటే యెమెన్. ఆకుపచ్చ అరబిక్ అక్షరాలుంటే ఇరాక్. కర్ర వైపు ఆకుపచ్చ త్రికోణం ఉంటే సూడాన్. 1972 నుంచి 1984 వరకు ఈజిప్టు జెండా మీద గద్ద బదులు డేగ ఉండేది. పాత పుస్తకాల్లో కనబడితే కంగారుపడకండి.

ఈక్వడార్: పసుపు సగం గుడ్డ, కింద నీలం, ఎరుపు చెరో పావు. చిహ్నం నెత్తిన రెక్కలు చాపిన కాండోర్, అంటే ఆండీస్ కొండల రాబందు. కొలంబియాదీ ఇదే నేల, గుర్తు ఉండదు. వెనెజులాలో మూడు పట్టీలూ సమానం, నీలం పట్టీ మీద ఎనిమిది తెల్ల నక్షత్రాలు విల్లులా వంగి ఉంటాయి. ముందు పసుపు సగమా, మూడో వంతా అని చూడండి.

బొలీవియా: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ప్రభుత్వ జెండా చిహ్నంలో కాండోర్. ఇవే పట్టీల మీద నల్ల నక్షత్రం ఉంటే ఘనా. వరస తిరగబడి పైన ఆకుపచ్చ, నడుమ నీలి గుండ్రంలో నక్షత్రం ఉంటే ఇథియోపియా.

### 5.4 ఆఫ్రికాలో మూడు

ఉగాండా: నలుపు, పసుపు, ఎరుపు, మళ్లీ అవే, మొత్తం ఆరు పట్టీలు. నడుమ తెల్లటి గుండ్రంలో కుచ్చు ఉన్న బూడిదరంగు కొంగ, ముఖం కర్ర వైపు. ఒక కాలు ఎత్తి ఉంటుంది, దేశం ముందడుగు వేస్తోందన్న అర్థంలో. గీసేటప్పుడు చాలామంది రెండు కాళ్లూ నేలమీద పెట్టేస్తారు. ఆ కాలు మర్చిపోకండి.

జింబాబ్వే: ఏడు పట్టీలు. పైనుంచి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నడుమ నలుపు, తర్వాత అదే వరస వెనక్కి. కర్ర వైపు తెల్ల త్రికోణం, అందులో ఎర్ర నక్షత్రం, దానిమీద పసుపు పక్షి. ఇది బతికున్న పక్షి బొమ్మ కాదు. గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో దొరికిన మెత్తటి రాతి శిల్పం. అందుకే నిటారుగా, రెక్కలు ముడుచుకుని ఉంటుంది. రెక్కలు చాపి గీస్తే తప్పు.

జాంబియా: ఆకుపచ్చ గుడ్డ. కొస వైపు కింద ఎరుపు, నలుపు, నారింజ రంగు చిన్న నిలువు పట్టీలు, వాటిపైన నారింజ రంగు చేపల గద్ద. సరుకంతా కొస వైపు ఉండి కర్ర వైపు ఖాళీగా ఉండే జెండాలు అరుదు. పక్షి కనబడకపోయినా ఆ ఖాళీయే జాంబియా అని చెబుతుంది.

జింబాబ్వే, జాంబియా పేర్లు తారుమారు చేసేవాళ్లకు ఒక ఉపాయం: జింబాబ్వే పక్షి కర్ర వైపు, జాంబియా పక్షి కొస వైపు. అట్టలు రెండూ పక్కపక్కన పెట్టి ఇది పైకి చదవండి.

### 5.5 ద్వీపాలు

పాపువా న్యూగినీ: గుడ్డను మూలనుంచి మూలకు కోసినట్టు రెండు త్రికోణాలు. కొస వైపు ఎరుపు మీద పసుపు రంగు బర్డ్ ఆఫ్ ప్యారడైజ్, కర్ర వైపు నలుపు మీద ఐదు తెల్ల నక్షత్రాలు. ఆ నక్షత్రాలు దక్షిణార్ధగోళంలో కనిపించే సదరన్ క్రాస్ అనే నక్షత్రాల గుంపు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సమోవా జెండాల మీదా ఇవే. సుసాన్ కరీకే అనే బడిపిల్ల రూపకల్పన ఇది, 1971లో తీసుకున్నారు. గుడ్డ 4:3, మిగతావాటికంటే పొట్టి.

కిరిబాటి: పైన ఎరుపు, కింద నీలం మీద అలల్లాంటి మూడు తెల్ల గీతలు. సముద్రంలోంచి లేస్తున్న సూర్యుడు, అతనిపైన బంగారు ఫ్రిగేట్ పక్షి. కిరణాలు 17.

డొమినికా: ఆకుపచ్చ గుడ్డ, పసుపు, నలుపు, తెలుపు గీతల శిలువ, నడుమ ఎర్ర గుండ్రంలో సిస్సెరూ చిలుక, చుట్టూ పది ఆకుపచ్చ నక్షత్రాలు. చిలుక రొమ్ము ఊదా రంగు. జాతీయ జెండాల్లో ఊదా చాలా అరుదు. 1988లో చిలుక ముఖాన్ని కర్ర వైపు తిప్పారు, పాత బొమ్మల్లో కొస వైపు ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్ వేరే దేశం. దాని జెండా నీలం, ఎరుపు గడులు, తెల్ల శిలువ, నడుమ బైబిల్. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఈ రెంటినీ కలిపేసేవాళ్లు చాలామంది. రెండు అట్టలూ తప్పకుండా చేసుకోండి.

ఫిజీ: లేత నీలం గుడ్డ, మూలలో బ్రిటిష్ జెండా, కొస వైపు డాలు. డాలు పైభాగంలో కోకో కాయ పట్టుకున్న సింహం. కింద నాలుగు గడుల్లో చెరకు, కొబ్బరి చెట్టు, పావురం, అరటి గెల. పావురం ఎంత చిన్నదంటే చాలామంది ఫిజీని పక్షి జెండాల్లో లెక్కే వేయరు. ఆ చెరకు గడి దగ్గర నా చూపు ఎప్పుడూ ఆగుతుంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. లేత నీలం మీద డాలు బదులు తొమ్మిది పసుపు నక్షత్రాలుంటే అది తువాలు.

### 5.6 కజకిస్థాన్

ఆకాశ నీలం గుడ్డ, నడుమ 32 కిరణాల బంగారు సూర్యుడు, అతని కింద రెక్కలు చాపిన గద్ద. కర్ర వెంట నిలువుగా బంగారు అల్లిక. 1992 జెండా. ఆ అల్లిక చూస్తే చాలు.

## 6. మిగతా గుర్తులకూ ఇదే వరస

పక్షులు పట్టుబడ్డాక మిగతావి తేలిక. నేల, చోటు, తర్వాతే గుర్తు.

సూర్యుడి విషయంలో మాత్రం కిరణాలు లెక్కపెట్టాలి, ప్రశ్నలు అక్కడినుంచే వస్తాయి. ఫిలిప్పీన్స్ 8, ఉరుగ్వే 16, కిరిబాటి 17, అర్జెంటీనా 32, కజకిస్థాన్ 32, కిర్గిజ్‌స్థాన్ 40.

ఆయుధాలు: మొజాంబిక్‌లో తుపాకీ, పార, తెరిచిన పుస్తకం. అంగోలాలో సగం పళ్లచక్రం, పెద్ద కత్తి. కెన్యాలో డాలు, రెండు ఈటెలు. సౌదీలో ఒకే కత్తి; ఒమాన్‌లో బాకు, దాని వెనక రెండు కత్తులు.

చెట్లు, కట్టడాలు: లెబనాన్‌లో దేవదారు, కెనడాలో మేపుల్ ఆకు, కంబోడియాలో అంకోర్‌వాట్ గుడి.

జంతువులు: శ్రీలంకలో కత్తి పట్టిన సింహం, భూటాన్‌లో డ్రాగన్.

పక్షి లేకుండా ఈకలు మాత్రమే ఉన్న జెండాలు కూడా ఉన్నాయి. ఎస్వాతిని డాలు మీదా, పక్కనున్న కర్ర మీదా ఈకల కుచ్చులుంటాయి. శాన్ మారినో మూడు బురుజుల కొసన నిప్పుకోడి ఈకలుంటాయి. కఠినమైన క్విజ్‌లకు వెళ్లేవాళ్లు ఈ రెండూ రాసిపెట్టుకోండి.

## 7. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

తప్పు: కొలతను చూసి దేశం చెప్పడం.
దిద్దుబాటు: ఫోన్‌లోనూ చాలా ఛార్టుల్లోనూ అన్ని జెండాలనూ ఒకే సైజులోకి కత్తిరిస్తారు. కొలత అసలు గుడ్డ ముందు ఉన్నప్పుడే ఆధారం. కాగితం మీద రంగులనే నమ్మండి.

తప్పు: గద్దలన్నిటినీ ఒకే జాబితాగా బట్టీపట్టడం.
దిద్దుబాటు: జాబితా చింపేయండి. నేలను బట్టి కుప్పలు చేయండి. మోల్డోవాను ఈజిప్టు పక్కన కాదు, రొమేనియా పక్కన పెట్టాలి.

తప్పు: ఛార్టు మీద పక్షిని ముందు గీసి, చుట్టూ రంగు వేయడం. పక్షి పెద్దదైపోతుంది, పట్టీలు సమానంగా రావు.
దిద్దుబాటు: ముందు చట్రం, తర్వాత పట్టీల గీతలు, తర్వాత నడిమి గీత, ఆ తర్వాత పక్షి పట్టే గడి పెన్సిల్‌తో. రంగులన్నీ ఆరాక పక్షి. మెక్సికో, మోల్డోవాల్లో పక్షిని విడి కాగితం మీద గీసి అంటించడం మేలు.

తప్పు: తెలుగులో "పచ్చ" అని రాసుకోవడం. వారం తర్వాత అది పసుపో ఆకుపచ్చో తెలియదు.
దిద్దుబాటు: ఎప్పుడూ "పసుపు", "ఆకుపచ్చ" అనే రాయండి.

## 8. సాధన

అట్టకు ఒకవైపు జెండా, రెండోవైపు దేశం పేరు, నేల వరస, తికమకపెట్టే దేశం పేరు రాయండి. తర్వాత ఈ నాలుగు పరీక్షలూ వరసగా పెట్టుకోండి.

1. నాణెం పరీక్ష: పక్షి మీద రూపాయి పెట్టి మూసేసి దేశం చెప్పండి. చెప్పలేనివాటిని పక్కన పెట్టండి. బొలీవియా, మెక్సికో, ఈక్వడార్, ఈజిప్టు, మోల్డోవా దగ్గర నాణెం పెడితే ఒకే జవాబు తేలదు; తికమకపెట్టే దేశాల పేర్లన్నీ చెప్పగలిగితే పాసైనట్టే.
2. జెరాక్స్ పరీక్ష: అట్టలన్నీ నలుపు తెలుపులో జెరాక్స్ తీయించండి. రంగు పోయాక పట్టీల సంఖ్య, గుర్తు చోటు మాత్రమే మిగులుతాయి. ప్రశ్నపత్రంలో ఒక్కోసారి వచ్చేది ఇలాంటి బొమ్మే.
3. వెనకవైపు పరీక్ష: బొమ్మను అద్దంలో చూసి చెప్పండి. జాంబియా, సెర్బియా, పాపువా న్యూగినీల్లో తడబాటు ఎక్కువగా వస్తుంది.
4. గీత పరీక్ష: ఇంకొకరు దేశం పేరు చెబితే పక్షి లేకుండా నేల మాత్రం గీయండి. పట్టీల వరస తప్పితే ఆ అట్టను కట్టలో పైన పెట్టి మర్నాడు దానితోనే మొదలుపెట్టండి.